పేట గోడ మీద పేట కథ: మరుగున పడిన చరిత్రను అందరూ కలిసి కుడ్యచిత్రంగా వేసుకోవడం ఎలా

పేట చరిత్ర మరుగున పడిపోయిందని అంటుంటాం. నిజానికి అది ఎవరో ఒకరికి రోజూ గుర్తుకొస్తూనే ఉంటుంది. మూతపడిన మిల్లులో ముప్పయ్యేళ్ళు పనిచేసిన ఆవిడకు సైరన్ మోత ఇంకా చెవుల్లోనే ఉంటుంది. చెరువు పూడ్చి కట్టిన కాలనీలో ఉంటున్న పెద్దాయనకు ఏ ఇంటి కింద గట్టు ఉండేదో తెలుసు. వాళ్ళను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు, అంతే.

అందుకే ఈ పనిలో రంగు చివర్లో వస్తుంది. మొత్తం పది నెలలు పడుతుందనుకుంటే, అందులో సగం వినడానికీ, విన్నది సరిచూసుకోవడానికీ పెట్టుకోండి. గోడ ముందు బ్రష్ పట్టుకుని ఉండేది మహా అయితే ఐదారు వారాలు. చాలా చోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. ఆర్టిస్టు ముందే గీసిన డిజైన్ తెస్తారు, మీటింగ్ పెడతారు, బాగుందా అని అడుగుతారు. అందరూ బాగుందనే అంటారు. తీరా గోడ మీద వేశాక ఆ వీధిలో ఒక్కరికి కూడా అందులో తమ ఇల్లు కనబడదు.

మొదటి అడుగు: మనుషులను కూడగట్టడం

ఏడెనిమిది మందితో ఒక కమిటీ చాలు. అందులో ఎవరున్నారన్నదే ముఖ్యం. సొంత ఇళ్ళవాళ్ళే కాకుండా అద్దెకున్నవాళ్ళు ఉండాలి. పేట ఖాళీ చేసి వెళ్ళిపోయిన కుటుంబాల నుంచి ఒకరు ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకరు, పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఇద్దరు ఉంటే మరీ మంచిది. ఆర్టిస్టు కమిటీలో కూర్చోవచ్చు గానీ అధ్యక్షుడు కాకూడదు. ఆర్టిస్టుకు ఫీజు మాత్రం తప్పకుండా ఇవ్వాలి. ఎక్కువమంది చేసే సాయం ఉచితమే కావచ్చు, కానీ నెలల తరబడి బాధ్యత మోసే పని ఉచితంగా చేయించుకోవడం న్యాయం కాదు.

డబ్బు రాకముందే ఒక నియమం రాసి అందరితో సంతకం పెట్టించండి: విరాళం ఇచ్చినవారి ముఖం గానీ, పదవిలో ఉన్నవారి ముఖం గానీ గోడ మీద ఉండదు. డబ్బు వచ్చాక ఈ మాట అనడం చాలా కష్టం. ముందే రాసుకున్న కాగితం ఉంటే చూపించి ఊరుకోవచ్చు. విరాళాలిచ్చినవాళ్ళ పేర్లు పక్కన చిన్న ఫలకం మీద రాస్తే సరిపోతుంది.

రెండో అడుగు: వినడం

ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. దీన్ని తొందరపెట్టకండి.

'మీ పేట చరిత్ర చెప్పండి' అని అడిగితే ఎవరైనా బిగుసుకుపోతారు. 'నాకేం తెలుసు బాబూ, పెద్దవాళ్ళనడుగు' అంటారు, తమకే ఎనభై ఏళ్ళున్నా సరే. రోజువారీ సంగతులు అడగండి. నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? రాత్రి డ్యూటీ దిగితే ఏ దారిన ఇంటికొచ్చేవారు? పిల్లలు ఎక్కడికి వెళ్తే తిట్లు పడేవి? పండక్కి ఏ వీధిలో సందడి, ఏ వీధిలోకి ఎవరికి ప్రవేశం లేదు? చివరి ప్రశ్నకు జవాబు తరచు నెమ్మదిగా వస్తుంది. ఆ మౌనాన్ని మీ మాటలతో నింపకండి, ఆగండి.

ఇంటికి ఇద్దరు వెళ్ళండి. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రికార్డింగ్ చూసుకోవాలి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ కాసేపు ఆపమని అడగండి. గంట దాటితే పెద్దవాళ్ళు అలసిపోతారు, ఇంకో రోజు మళ్ళీ వెళ్ళొచ్చు. మొదలుపెట్టే ముందే అనుమతి తీసుకోవాలి: ఈ మాటలు గోడ మీదికి రావచ్చా, పేరు వాడొచ్చా, రికార్డింగ్ ఎవరు వినొచ్చు. ఈ మూడూ వేర్వేరు అనుమతులు. ఒకదానికి సరే అని రెండోదానికి వద్దనే హక్కు వాళ్ళకుంది. రికార్డింగ్ కాపీ ఒకటి ఆ ఇంటికే తిరిగి ఇవ్వండి. మనవళ్ళు దాన్ని దాచుకుంటారు.

పాత ఫోటోలను ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళకండి. స్కానర్‌నే అక్కడికి పట్టుకెళ్ళండి. ఫోటో పోతే దాంతో పాటు నమ్మకమూ పోతుంది, తర్వాత ఆ వీధిలో ఎవరూ తలుపు తీయరు. 600 డీపీఐలో స్కాన్ చేయండి, వెనకవైపు కూడా. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి.

వారం రోజులు స్కాన్ చేశాక ఆ ఫోటోలను పెద్దవి చేసి ప్రింట్ తీసి, ఒక బల్ల మీద పరచి అందరినీ పిలవండి. ప్రతి ఫోటో మీద పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి పక్కన పెన్సిల్ పెట్టండి. నేను చూసిన ఒక బల్ల దగ్గర, మిల్లు గేటు ముందు సమ్మె రోజున తీసిన ఫోటో ఉంది. అందరూ మధ్యలో నిలబడ్డ నాయకులనే గుర్తుపడుతున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఫోటో కుడి అంచు మీద వేలు పెట్టారు. అక్కడ సగం తెగిపోయిన ఒక చెయ్యి, చేతిలో స్టీలు క్యారియరు. 'ఇది మా అమ్మ చెయ్యి. సమ్మె జరిగినన్నాళ్ళూ అందరికీ క్యారియర్లు మోసింది, ఫోటోలో మాత్రం పడలేదు' అన్నారు. ట్రేసింగ్ కాగితం మీద ఆ చేతికి మిగతా మనిషిని ఆవిడే గీశారు. వంకరటింకర గీతలే. ఆ గోడకు మధ్య బొమ్మ అదే అయింది. నాయకులు వెనక వరుసలోకి వెళ్ళారు.

విన్నదంతా అలాగే గోడెక్కించకూడదు. జ్ఞాపకం మనిషి బాధను, ఆనందాన్ని చక్కగా పట్టుకుంటుంది, సంవత్సరాలను మాత్రం కలిపేస్తుంది. అందుకే సంవత్సరం అడగడం కన్నా 'అది వరదకు ముందా, తర్వాతా? మీ పెద్దమ్మాయి పుట్టిందా అప్పటికి?' అని అడిగితే జవాబు దగ్గరగా వస్తుంది. ప్రతి సంగతికీ కనీసం రెండు ఆధారాలు చూడండి. ఒకటి నోటి మాట అయితే ఇంకొకటి పాత పటం, భూమి రికార్డు, ఓటర్ల జాబితా, స్కూలు రిజిస్టరు, అప్పటి పత్రిక. కాగితం చెప్పేదే నిజమని కూడా అనుకోకండి. కాగితాలు రాసినవాళ్ళు ఎవరి ఇంటికి వెళ్ళలేదో వాళ్ళు కాగితంలో ఉండరు. రెండు కథలు ఒకదానికొకటి పొసగకపోతే, రెండూ గోడ మీద పక్కపక్కన ఉండొచ్చు.

ఇంత శ్రమ అవసరమా అనిపిస్తే లాస్ ఏంజిలిస్‌లోని 'గ్రేట్ వాల్' అనే కుడ్యచిత్రం గురించి చదవండి. చిత్రకారిణి జూడీ బాకా ఆధ్వర్యంలో 1976లో మొదలై చాలా వేసవులు సాగిన ఆ పనిలో నాలుగు వందల మందికి పైగా కుర్రకారు బ్రష్ పట్టారు. ఒక వరద కాలువ గోడ మీద 2,754 అడుగుల పొడవున కాలిఫోర్నియా కథ. చరిత్రకారులతోనూ, ఆ రోజులు చూసిన మామూలు మనుషులతోనూ మాట్లాడాకే డిజైన్ వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లో నిర్బంధించడం లాంటివి, చాలామంది మాట్లాడడానికి ఇష్టపడనివి, ఆ గోడ మీదికి వచ్చాయి.

నొప్పి ఉన్న సంగతులు మీకూ ఎదురవుతాయి. దౌర్జన్యం చేసినవాళ్ళ పిల్లలు, పడ్డవాళ్ళ పిల్లలు ఒకే వీధిలో ఉండొచ్చు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: జరిగింది దాచొద్దు, కానీ దెబ్బ తగిలినవాళ్ళు వద్దన్నది వేయొద్దు. ఆ దృశ్యాన్ని పొద్దున లేచి రోజూ చూడాల్సింది వాళ్ళు. ఇంట్లో ఆరిపోయిన దీపం, తలుపుకు వేసిన తాళం లాంటి బొమ్మతో చెప్పొచ్చా అని వాళ్ళనే అడగండి.

మూడో అడుగు: గోడను పరీక్షించడం

కథ సేకరణ సగం అయ్యేసరికి గోడ వెతకడం మొదలుపెట్టండి. కథ జరిగిన చోటుకి దగ్గరగా, నడిచేవాళ్ళు ఆగి చూడగలిగేలా ఉండాలి. పడమటి ఎండ నేరుగా కొట్టే గోడ మీద రంగులు త్వరగా వెలిసిపోతాయి. రెండు గోడలు దొరికితే నీడ ఎక్కువ ఉన్నది తీసుకోండి.

అరచేత్తో గట్టిగా రుద్దండి. పొడి అంటితే పాత రంగు సుద్దయిపోయిందని అర్థం, దాని మీద వేసిందేదీ నిలవదు. సుత్తి పిడితో అడుగడుగునా తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది, అంతవరకు కొట్టేసి మళ్ళీ చేయించాలి. ఆ తర్వాత చెమ్మ. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజంతా వదిలేయండి. లోపలివైపు నీటి బిందువులు పట్టినా, గోడ నల్లబడినా లోపల తడి ఉంది. ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో చూసి, పైపు కారడమో, పైకప్పు నీళ్ళో ఆపకుండా రంగు వేస్తే ఒక్క వానాకాలంలోనే పెచ్చులు ఊడతాయి. తెల్లగా ఉప్పు పట్టి ఉంటే పొడిగా బ్రష్‌తో దులపండి, నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి. అందులోని క్షారం తగ్గకముందే వేసిన రంగు పాడవుతుంది.

ఒక అనుభవమున్న మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళండి. గోడను చూసే కన్ను ఆర్టిస్టుకన్నా మేస్త్రీకే ఎక్కువ.

నాలుగో అడుగు: కాగితాలు

గోడ యజమానితో నోటి మాట సరిపోదు. బొమ్మ ఎన్నేళ్ళు ఉంచుతారు, భవనం అమ్మితే ఏమవుతుంది, రిపేరు ఎవరు చేయిస్తారు, తీసేయాల్సి వస్తే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, బొమ్మ ఫోటోలను వ్యాపారానికి ఎవరు వాడుకోవచ్చు. ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉండాలి. స్థానిక సంస్థ అనుమతి కూడా తీసుకోండి.

రాయకపోతే ఏమవుతుందో చూపించే కేసులు ఉన్నాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో గోడ నుంచి తీసేశారు, అది దెబ్బతింది. ఢిల్లీ హైకోర్టు 2005లో ఆయన పక్షాన తీర్పిచ్చి, మిగిలిన భాగాలు తిరిగి ఇవ్వాలని, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని చెప్పింది. న్యూయార్క్‌లో 'ఫైవ్ పాయింట్జ్' అనే భవనం గోడల మీది బొమ్మలకు 2013లో రాత్రికి రాత్రి సున్నం కొట్టినట్టు తెల్ల రంగు వేసేశారు. 2018లో కోర్టు 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు ఇవ్వమంది. రెండు చోట్లా కళాకారులు గెలిచారు, బొమ్మలు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు.

ఐదో అడుగు: డిజైన్

గోడ మీద అన్నీ పట్టవు. నలభై కథలు వింటే ఆరేడు బొమ్మలే నిలబడతాయి. మిగతావి పోయినట్టు కాదు, రికార్డింగులు, ఒక చిన్న పుస్తకం, గోడ పక్కన క్యూఆర్ కోడ్ ఉన్న ఫలకం వాటికోసమే. ఎంపిక చేసేటప్పుడు ఒక్కో కథను ఒక్కో కార్డు మీద రాసి, పేటవాళ్ళందరికీ తలా మూడు చుక్కల స్టిక్కర్లు ఇచ్చి అతికించమనండి. చేతులెత్తి ఓటేయిస్తే గట్టిగా మాట్లాడేవాళ్ళదే గెలుపు.

ఆర్టిస్టు వేసిన మొదటి స్కెచ్‌ను కథ చెప్పినవాళ్ళ ఇంటికే తీసుకెళ్ళి చూపించండి. తప్పులు అక్కడే దొరుకుతాయి. గేటు లోపలికి తెరుచుకునేదనో, ఆ కాలంలో ఆడవాళ్ళు కొప్పు అలా ముడిచేవారు కాదనో, సైకిలుకి ముందు లైటు ఎడమవైపు ఉండేదనో చెప్తారు. ఇవి చిన్నవిగా అనిపించొచ్చు. చూసేవాళ్ళు బొమ్మను నమ్మేది వీటివల్లే. కనీసం రెండు సార్లు ఇలా తిప్పాకే డిజైన్ ఖాయం చేయండి.

అక్షరాలుంటే, పది అడుగుల దూరం నుంచి చదవాలంటే కనీసం అంగుళం ఎత్తు కావాలి. వత్తులు, గుణింతాలు ఉన్న లిపి కాబట్టి ఇంకొంచెం పెద్దవే రాయండి. రోడ్డుకి అవతల ముప్పై అడుగుల దూరంలో ఉన్నవాళ్ళు చదవాలంటే నాలుగైదు అంగుళాలు పెట్టుకోవాలి.

ఆరో అడుగు: రంగులు, పద్ధతి

బయటి గోడలకు రెండు దారులు. ఒకటి పూర్తి యాక్రిలిక్ ఎక్స్‌టీరియర్ రంగులు. వాడడం తేలిక, తొందరగా ఆరతాయి, జనంతో పనికి ఇవే అనువు. రెండోది సిలికేట్ రంగులు. జర్మనీకి చెందిన అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ 1878లో వీటికి పేటెంట్ తీసుకున్నారు. ఇవి గోడ మీద పొరలా కూర్చోకుండా సున్నం, సిమెంటుతో రసాయనికంగా కలిసిపోతాయి, గోడ ఊపిరి ఆగదు, ఎన్నో దశాబ్దాలు నిలుస్తాయి. కానీ అంతకుముందు ఏ రంగూ వేయని గోడ కావాలి, నిపుణుల చెయ్యి కావాలి.

ఏ రంగు కొన్నా డబ్బా మీద పిగ్మెంట్, అంటే రంగునిచ్చే పొడి ఏదో చూడండి. ఐరన్ ఆక్సైడ్ ఎరుపులు, పసుపులు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ, టైటానియం తెలుపు, కార్బన్ నలుపు ఎండకు బాగా నిలుస్తాయి. మెరిసిపోయే ఫ్లోరసెంట్ రంగులు ఒకటి రెండేళ్ళలో పాలిపోతాయి. చవకరకం ప్రకాశవంతమైన ఎరుపు, గులాబీలు కూడా అంతే. ముఖాల్లో అలాంటి ఎరుపు వాడితే, అది పోయాక మనుషులు నీలంగా, జబ్బుపడ్డట్టు కనిపిస్తారు.

లెక్క సులువే. నునుపు గోడ మీద ఒక లీటరు సుమారు 80 నుంచి 100 చదరపు అడుగులకు ఒక కోటు వస్తుంది. ఇరవై అడుగుల ఎత్తు, యాభై అడుగుల పొడవు అంటే వెయ్యి చదరపు అడుగులు. ప్రైమర్ ఒక కోటుకి పన్నెండు లీటర్లు, రంగు రెండు కోట్లకి ఇరవై అయిదు లీటర్ల దాకా. గరుకు గోడకి పావు వంతు ఎక్కువ వేసుకోండి.

గోడ దగ్గరికి రాలేనివాళ్ళ సంగతి చాలామంది మరిచిపోతారు. దానికో చక్కని మార్గం ఉంది. పారాచూట్ క్లాత్ అని పిలిచే పల్చటి పాలియెస్టర్ గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా ఇంట్లోనో, హాల్లోనో బొమ్మ వేసి, తర్వాత యాక్రిలిక్ జెల్‌తో గోడకు అతికిస్తారు. అతుకు కనబడదు. అమెరికాలో 1984లో మొదలైన ఫిలడెల్ఫియా మ్యూరల్ ఆర్ట్స్ అనే సంస్థ ఈ పద్ధతిని విరివిగా వాడింది, జైల్లో ఉన్నవాళ్ళు కూడా అలా బ్రష్ పట్టారు. మంచం దిగలేని పెద్దావిడ ఒళ్ళో ఆ గుడ్డ పెట్టి ఆవిడ తల్లి చీర అంచుకి రంగు వేయించొచ్చు.

ఏడో అడుగు: గోడ మీదికి ఎక్కించడం

చిన్న డిజైన్‌ను పెద్ద గోడ మీదికి తేవడానికి గళ్ళు కొట్టడం పాత పద్ధతి. స్కెచ్ మీద అంగుళం, గోడ మీద అడుగు. రాత్రిపూట ప్రొజెక్టర్ పెట్టి గీతలు గీసుకోవచ్చు, ఎదురుగా తగినంత ఖాళీ ఉండాలి. ఇంకో తేలిక దారి ఉంది: గోడంతా పిచ్చి గీతలు, అక్షరాలు, గుర్తులు గీసి ఫోటో తీసి, ఫోన్‌లో ఆ ఫోటో మీద డిజైన్‌ను పల్చగా పరచి, ఏ గుర్తు దగ్గర ఏ గీత వెళ్తుందో చూస్తూ గీయడం. ఆ గుర్తులు పిల్లలతో గీయించండి.

జనం రంగు వేసే రోజుకి ముందే గోడంతా నంబర్లు వేసుకుని ఉండాలి. ఏడో నంబరు గడిలో ఏడో నంబరు డబ్బా రంగు. చిన్న కప్పుల్లో పోసి కప్పు మీద నంబరు రాయండి, పెద్ద డబ్బాలు చేతికివ్వకండి. ఆరు అడుగుల ఎత్తు వరకు పిల్లలకు, పెద్దవాళ్ళకు. పరంజా మీదికి శిక్షణ ఉన్నవాళ్ళే, భుజాలకు, తొడలకు కట్టుకునే సేఫ్టీ హార్నెస్‌తోనే ఎక్కాలి. ఈ విషయంలో మొహమాటపడకండి. ఎవరైనా 'ఒక్క ఫోటోకి ఎక్కుతా' అన్నా వద్దనే చెప్పండి. గోడ వేలితో తాకితే చుర్రుమనేంత వేడిగా ఉంటే రంగు అంటుకోకముందే ఆరిపోతుంది. అందుకే ఎండతో పాటు మీరూ జరుగుతూ నీడ ఉన్న భాగంలోనే వేయండి. బ్రష్‌లు కడిగిన నీళ్ళు కాలువలో పోయొద్దు. బకెట్లో నిలవబెట్టి అడుగున పేరుకున్న ముద్దను తీసి చెత్తలో వేయాలి.

ఆ రోజు వేసినవాటిలో గీతలు దాటినవి, కారినవి చాలా ఉంటాయి. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆర్టిస్టు అంచులు సరిచేయడం మామూలే. కానీ పిల్లల గీతనో, ఒకరి చేతి వణుకునో పూర్తిగా తుడిచేయొద్దు. రేపు వాళ్ళు వచ్చి వెతికేది దాన్నే.

ఎనిమిదో అడుగు: తర్వాతి ఏళ్ళు

రంగు బాగా ఆరాక ముందు ఒక పారదర్శకమైన యాక్రిలిక్ పొర, దాని మీద ఎండను తట్టుకునే వార్నిష్ వేయండి. మనుషుల చెయ్యి అందే ఎత్తు వరకు గ్రాఫిటీని, అంటే గోడల మీది పిచ్చిరాతలను, అడ్డుకునే పూత అదనం. సిలికేట్ రంగులకు మాత్రం ఈ పొరలు వద్దు.

ఎవరైనా పాడుచేస్తే? లండన్‌లో 1936 అక్టోబర్ 4న కేబుల్ స్ట్రీట్‌లో ఫాసిస్టుల ఊరేగింపును అక్కడి జనం అడ్డుకున్న ఘటనపై వేస్తున్న బొమ్మను, పని మధ్యలో ఉండగానే 1982లో నినాదాలు పూసి పాడుచేశారు. వేరే చిత్రకారులు చేరి 1983లో పూర్తి చేశారు. ఆ తర్వాతా దాని మీద దాడులు జరిగాయి, మళ్ళీ మళ్ళీ బాగుచేసుకుంటూనే వచ్చారు. మీరూ అలాగే సిద్ధంగా ఉండండి. పాడైన మర్నాడే సరిచేయాలి, వారం ఆగితే రెండో చెయ్యి పడుతుంది. అందుకు బడ్జెట్లో పదో వంతు ముందే పక్కన పెట్టుకోండి.

మిగిలిన రంగుల్లో ప్రతి నంబరుదీ అర లీటరు చిన్న డబ్బాల్లో పోసి, నంబరు, పిగ్మెంట్ పేరు, తేదీ రాసి నీడలో దాచండి. ఏ డబ్బా గోడలో ఎక్కడ వాడారో చూపే పటం ఒకటి డబ్బాలతో పాటు ఉండాలి. ఏడాదికోసారి మెత్తటి స్పాంజితో, మామూలు నీళ్ళతో గోడ కడగండి. ఆ రోజే పగుళ్ళు, ఉబ్బిన చోట్లు చూసి రాసుకోవాలి.

బొమ్మ పూర్తయిన వారంలోనే, పొద్దున ఎండ ఏటవాలుగా పడకముందు, గోడను అడుగడుగునా ఫోటోలు తీయించండి. 1967లో షికాగోలో నల్లజాతి కళాకారులు వేసిన 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్' బొమ్మ ఉన్న భవనం 1971లో మంటల్లో దెబ్బతిని, తర్వాత నేలమట్టమైంది. ఇప్పుడు ఆ బొమ్మ మనకు కనబడేది ఎవరో తీసి దాచిన ఫోటోల్లోనే. మీ ఫోటోలు, రికార్డింగులు, పాత ఫోటోల స్కాన్లు రెండు హార్డ్ డిస్కుల్లో వేసి, ఒకటి పేట లైబ్రరీలో, ఇంకొకటి కమిటీలోని కుర్రవాళ్ళలో ఒకరి ఇంట్లో పెట్టండి. క్యారియరు మోసిన చేతికి పెద్దావిడ గీసిన లాంటి ట్రేసింగ్ కాగితాలు ఉంటే, వాటిని మడత పెట్టకుండా అట్ట ఫైలులో పరచి పెట్టండి.